చిత్రిక పట్టిన తలుపులు

బ్రాయిదాస్
13 ఏప్రిల్ 2015

అమ్మాయ్ ఇలేనియా,

ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని విసుక్కోకు. ఫోన్లో నేను రెండో మాట ఎత్తేలోపే "అమ్మా, ట్రాము వచ్చేసింది, డ్యూటీ ఎక్కాలి" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చించి పారెయ్యాలన్నా ముందు విప్పాలి కదా. మీ అమ్మ నువ్వనుకున్నంత అమాయకురాలేం కాదు.

ఈస్టరు సెలవులయ్యి మీరు తొరీనో వెళ్లి వారమైంది. ఇల్లు బోసిపోయింది. కుందేళ్లు గూటిలోంచి గుమ్మం వైపే చూస్తున్నాయి. దెలియా కోసమనుకుంటున్నాను, లేదా పాలకూర కోసమో. ఆరేళ్ల పిల్ల, మూడు రోజుల్లో ఇంటి పద్ధతులన్నీ పట్టేసింది! పడుకునేముందు బూట్లు మంచం పక్కన, ముందు భాగం గుమ్మం వైపు, లేసులు వదులుగా. ఈల దిండు కింద. బాత్‌రూములో ఉన్నంతసేపూ పాట. వాళ్ల తాతయ్య కంటే బాగా పాడుతుంది. ఆయన, పాపం, పోయేదాకా ఒకే పాట పాడాడు, అదీ సగమే.

వేసవి సెలవులకు మేడమీది గది సిద్ధం చేస్తున్నాను. మూడు నెలలూ నా దగ్గరే ఉండనీ. మీరిద్దరూ పనుల్లో ఉంటారు, అక్కడ అపార్టుమెంటులో పిల్లకి ఏముంది? కొత్త ఈల కొన్నాను, ఎర్ర తాడుది. జూన్‌లో ఏ రోజు తీసుకొస్తావో రాయి, కోడిపెట్టను దాచి ఉంచుతాను.

మాండీ,
మీ అమ్మ ఆర్మిడా


తొరీనో
20 ఏప్రిల్ 2015

అమ్మా,

ఏ రోజు తీసుకొస్తానో రాయమన్నావు. తీసుకురావడం లేదు.

మొన్న దెలియా వాళ్ల టీచరు పిలిపించింది. నీ మనవరాలు క్లాసు తలుపు మూయనివ్వడం లేదట. రోజూ ఒక బూటు విప్పి గుమ్మానికి అడ్డం పెట్టి, ఒంటి బూటుతో కూర్చుంటుందట. ఎందుకని అడిగితే, "మా అమ్మమ్మ చెప్పింది, మూసిన తలుపు మనుషుల్ని తినేస్తుందని" అందట. బాత్‌రూముకి వెళ్తే కారిడారంతా వినిపించేలా పాడుతుందట. పిల్లలు నవ్వుతున్నారు. నన్నూ ఇలాగే నవ్వారమ్మా. పదేళ్లప్పుడు స్కూలు వాళ్లు కొండలకి తీసుకెళ్తే, రాత్రి నా దిండు కింద ఈల చూసి, "రైల్వే గార్డు" అని పేరు పెట్టారు. ఎనిమిదో తరగతి దాకా నా పేరు అదే.

పుట్టింట్లో నాకు మూసుకునే తలుపు ఒక్కటంటే ఒక్కటి ఉండేది కాదు. పన్నెండేళ్ల వయసులో గౌను మార్చుకోవాలంటే బీరువా వెనక నక్కేదాన్ని. అన్ని తలుపులకీ వేలెడు సందు, గడియ ఒక్కదానికీ లేదు. నువ్వు అటు వెళ్తూ ఇటు వస్తూ తొంగిచూసేదానివి. నేనేం దాచానని అంత కాపలా? దావిదే మొదటిసారి మనింటికి వచ్చినప్పుడు నువ్వు బాత్‌రూము బయట నిలబడి, "బాబూ, పాట ఆపావేం?" అని అరిచావు. ఆ మనిషి నన్ను పెళ్లి చేసుకోవడమే గొప్ప.

ఇప్పుడు నేను ట్రాము నడుపుతూ రోజుకి ఐదారు వందలసార్లు తలుపులు తెరిచి మూస్తాను. మూసుకున్న ప్రతిసారీ ఆ చప్పుడు నాకు హాయిగా ఉంటుంది. అది నీకు అర్థం కాదు.

షరతు చెప్తున్నా. ఆ ఇంట్లో ఒక్క గదికి, ఒకే ఒక్క గదికి, సరిగ్గా మూసుకునే తలుపు పెట్టించు. దెలియా లోపలుంటే నువ్వు తట్టకుండా వెళ్లకూడదు. అది కుదిరితేనే వేసవి. లేదంటే మునిసిపాలిటీ వాళ్ల వేసవి శిబిరానికి పేరు ఇస్తాను. ఆఖరి తేదీ మే 31.

ఇలేనియా


బ్రాయిదాస్
27 ఏప్రిల్ 2015

ఇలేనియా,

మాండీ అని వీడ్కోలైనా చెప్పకుండా ఉత్తరం ముగించావు. మన ఊళ్లో బావమరుదులు పొలం గట్టు మీద కొట్టుకున్నా మాండీ అనకుండా విడిపోరు. సరే, తొరీనో నేర్పిన మర్యాద అనుకుంటాను.

అసలు సంగతి నాకు తెలుసులే. మీ అత్తగారికి సముద్రం దగ్గర ఇల్లుంది, వరండా ఉంది, గొడుగు కింద కుర్చీ ఉంది. పిల్ల అక్కడికి వెళ్లాలని ఆవిడకుంది. ఆ మాట చెప్పలేక తలుపుల మీద పెట్టావు. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అన్నారా!

తలుపులంటావా, అవి మీ టీతె మావయ్య చేసిన పని. పదిహేనేళ్ల కుర్రాడు, కొత్తగా వడ్రంగం నేర్చుకుంటున్నాడు, చిత్రిక ఎక్కువ పట్టేశాడు. ఇంకా ఏమైనా ఉంటే వాణ్ని అడుగు. గడియలు తుప్పు పట్టి పోయాయి. నేను తొంగి చూశానంటావు. చూశాను. కడుపున పుట్టినదాన్ని చూడటం కూడా నేరమైతే వెళ్లి పోలీసులకి చెప్పు. నీ డైరీ మాత్రం నేనెప్పుడూ తియ్యలేదు. ఒక్కసారి చదివాను, అదీ బల్లమీద తెరిచి ఉంది కాబట్టి.

ఓర్కొలాత్ రాక్షసుడు మా కొండ కింద నిద్రలేచి ఊరిని విదిలించిన రోజు నువ్వు ఇక్కడ లేవు. పుట్టలేదు. కాబట్టి నీకు తెలియదు. అంతే. ఇంతకంటే రాయను.

ఎర్ర తాడు ఈల ఎవరికైనా ఇచ్చేస్తాను.

మాండీ. నేనైతే మర్చిపోను.
అమ్మ


తొరీనో
3 మే 2015

అమ్మా,

మా అత్తగారికి దెలియా సంగతి పట్టదు, ఆవిడ ధ్యాసంతా ఆవిడ కుక్కమీదే. ఆవిణ్ని ఇందులోకి లాగకు.

నువ్వు చెప్పావు కదాని టీతె మావయ్యకి ఫోన్ చేశాను. "ఏం వడ్రంగివి మావయ్యా, ఇంటి తలుపులన్నీ పాడుచేశావు, అమ్మా నేనూ ముప్పై ఏళ్లుగా కొట్టుకుంటున్నాం" అని నవ్వుతూనే అన్నాను. ఆయన నవ్వలేదు. తర్వాత, "నా చెడ్డపని అని చెప్పిందా మీ అమ్మ? సరే అమ్మా, నా చెడ్డపనే అనుకో" అని ఫోన్ పెట్టేశాడు. ఆ గొంతు నాకు నచ్చలేదు. చర్చి గుమ్మాలు చేసిన మనిషి, మనింటి బాత్‌రూము తలుపు ఎలా చెడగొట్టాడు? నువ్వు అబద్ధం ఆడావు.

"నువ్వు లేవు, నీకు తెలియదు." చిన్నప్పట్నుంచీ ఇదే మాట. మరి చెప్పు. ఏటా మే ఆరున ఊరంతా కూర్చుని చెప్పుకుంటారు, భూకంపం వచ్చినప్పుడు ఎవరు ఎక్కడున్నారో, పొయ్యి మీద ఏముందో. బేకరీ ఆయన ఒంటిమీద చొక్కా లేకుండా పరిగెత్తిన కథ నాకు బట్టీ వచ్చు. నువ్వొక్కదానివే ఆ కథలు మొదలవగానే, కుందేళ్లకి మేత వెయ్యాలని లేచిపోతావు. మన కుందేళ్లంత లావుగా ఊళ్లో ఏ కుందేళ్లూ లేవు.

శిబిరం ఫారం నింపి బల్లమీద పెట్టాను. సంతకం ఒక్కటే బాకీ.

ఇలేనియా


బ్రాయిదాస్
7 మే 2015

ఇలేనియా తల్లీ,

నిన్న ప్రార్థన అయ్యాక తొమ్మిదింటికి గంట మోగింది. అందరూ కథలు మొదలెట్టారు. నేను లేచాను. గుమ్మం దాకా వెళ్లి, నువ్వు రాసిన కుందేళ్ల మాట గుర్తొచ్చి ఆగిపోయాను. అక్కడ చెప్పలేకపోయాను. నీకు రాస్తున్నాను.

నాకప్పుడు పదమూడు, టీతెకి ఏడు. నాన్న జర్మనీలో ఇటుకల పనిలో ఉన్నాడు. పొరుగువాళ్ల ఆవు ఈనడం కష్టమైందని పిలిస్తే అమ్మ వెళ్లింది. పోతూ, "తమ్ముణ్ని పడుకోబెట్టు" అంది. వాడు పడుకుంటేనా! నా కుట్టుబుట్టలో కప్పని పెట్టాడు. మెట్ల మీంచి బంతి విసిరాడు. నాకేమో రేడియోలో పాటలు వినాలి, వారమంతా దానికోసమే ఎదురుచూశాను. వాణ్ని చెవి పట్టుకుని మేడమీది గదిలోకి తోసి, బయట్నుంచి తాళం తిప్పాను. "పొద్దున్నదాకా అందులోనే చావు" అన్నాను. ఆ మాటే అన్నాను ఇలేనియా. తాళంచెవి జేబులో వేసుకుని కిందికొచ్చి రేడియో పెట్టుకున్నాను.

భూమి యాభై తొమ్మిది సెకన్లు ఊగిందని తర్వాత పేపర్లో వేశారు. మెట్లు సగం మిగిలాయి. పాకుతూ ఎక్కాను. తాళం తిప్పాను, తలుపు కదల్లేదు. మళ్లీ అటు తిప్పాను, ఇటు తిప్పాను. అంతా చీకటి. తాళం తీశానో మళ్లీ వేశానో ఈ రోజుకీ తెలియదు. లోపల్నుంచి "అక్కా" అని ఏడుస్తున్నాడు. "పాడు. పాడుతూ ఉండు, ఆపావంటే కొడతా" అన్నాను. బడిలో నేర్పిన కోడిపుంజు పాట పాడాడు. చాలాసార్లు పాడాడు. తర్వాత ఆగిపోయింది. నేను తలుపుని కొట్టాను, గోళ్లతో గీకాను. పొరుగాయన వచ్చి నన్ను భుజాన వేసుకుని దించేశాడు.

మర్నాడు మధ్యాహ్నం సైనికులు పైకప్పు తీసి వాణ్ని బయటికి లాగారు. బతికే ఉన్నాడు. ఒక కాలు మాత్రం చచ్చుబడింది. ఇప్పటికీ వాడు మెట్లెక్కితే ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడుస్తూ వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటే నాకు అన్నం దిగదు.

నువ్వు పుట్టిన ఏడాది వాణ్ని ఈ కొత్తింటికి పిలిచి, "ఈ ఇంట్లో ప్రతి తలుపూ వేలెడు మందం చిత్రిక పట్టు, గడియలన్నీ పీకెయ్" అన్నాను. ఎందుకని వాడు అడగలేదు. తలుపు బిగుసుకుపోయిందనే వాడికి తెలుసు. తాళం వేసింది నేనని కప్పు పడ్డ గందరగోళంలో మర్చిపోయుంటాడు. అమ్మకీ నేను చెప్పలేదు. ఆమె అలాగే వెళ్లిపోయింది.

నేను నిన్ను తొంగిచూసింది నీ రహస్యాల కోసం కాదు. నువ్వు ఊపిరి తీస్తున్నావో లేదో చూడటానికి. నీకు పదిహేనేళ్లొచ్చినా చూశాను. తప్పని తెలుసు, ఆపుకోలేకపోయాను.

తలుపు పెట్టించలేను తల్లీ. ప్రయత్నించాను. నిన్న సాయంత్రం వంటింటి తలుపుకి గుడ్డ కుక్కి మూసి చూశాను. పది లెక్కపెట్టకముందే గుడ్డ లాగేశాను. ఫారం మీద సంతకం పెట్టెయ్. శిబిరంలో పిల్లలుంటారు, బాగానే ఉంటుంది.

టీతెకి మాత్రం చెప్పకు. ఇదొక్కటే అడుగుతున్నాను.

మాండీ,
అమ్మ


తొరీనో
17 మే 2015

అమ్మా,

నీ ఉత్తరం డిపోలో విప్పాను. ఆ రోజు ట్రాము తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. ప్రయాణికులు తిట్టారు. తిట్టనీ.

ముందు నా సంగతి చెప్తాను. నాకు దక్కని గది నా కూతురికి ఇవ్వాలని దెలియాకి ఏడాది నిండినప్పటి నుంచీ రాత్రి తలుపు మూసేస్తున్నాను. ఏడ్చినా మూశాను. "ఇది నీ గది, నీ రాజ్యం" అని గొప్పగా చెప్పాను. నీ ఉత్తరం చదివాక మొదటిసారి దాన్ని అడిగాను, "నీకు తలుపు ఎలా ఉంటే ఇష్టం?" అని. "బెత్తెడు తెరిచి" అంది. అంత తేలిగ్గా చెప్పింది! ఐదేళ్లుగా నేను అడగలేదు. దానికి తలుపంటే భయం నీ దగ్గర మూడు రోజుల్లో పట్టుకోలేదమ్మా, సగం నేనే పెట్టాను. నువ్వు తెరిచి పెట్టి నన్ను ఏడిపించావు, నేను మూసిపెట్టి దాన్ని ఏడిపించాను.

ఇక మావయ్య సంగతి. నువ్వు చెప్పొద్దన్నావు, నేను చెప్పలేదు. పనిని వెక్కిరించినందుకు క్షమాపణ అడగాలని మాత్రం ఫోన్ చేశాను. "వేళాకోళం చేశాను మావయ్యా, ఆ తలుపులు అమ్మే చిత్రిక పట్టించిందని తెలిసింది" అన్నాను. అంతే అన్నాను. ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. యాభై దగ్గరపడుతున్న మనిషి, పక్కన రంపం మిషను తిరుగుతోంది, దాన్ని ఆపమని ఎవరికో అరిచి మరీ ఏడ్చాడు. తర్వాత ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"మీ అమ్మ ఆ తలుపులు చిత్రిక పట్టమన్నప్పుడే అనుకున్నాను, అక్కకి తెలిసిపోయిందని. ఆ రోజు నన్ను గదిలో వేసి తాళం పెట్టింది కదా, నాకు రోషం వచ్చింది. నువ్వు బయట్నుంచి వేస్తే నేను లోపల్నుంచి వెయ్యలేనా అని గొళ్లెం పెట్టేశాను. ఆ గొళ్లెం నేనే చేశాను ఇలేనియా, చెక్కముక్కతో, మేకుతో. నా చేత్తో చేసిన మొదటి పని. ఇల్లు కూలాక గొళ్లెం ఎక్కడుందో చీకట్లో దొరకలేదు. అక్క బయట తలుపు కొడుతోంది, గోళ్లతో గీకుతోంది. గొళ్లెం పెట్టానని చెబితే తిడుతుందని చెప్పలేదు. పాడమంటే పాడాను. అక్క వేళ్లనిండా రక్తమని మర్నాడు చూశాను. నా గొళ్లెం వల్లే అక్కకి అలా అయిందని ఇన్నాళ్లూ మోస్తున్నాను. మీ అమ్మకి చెప్పకు."

ఇద్దరూ చెప్పొద్దన్నారు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. నీ ఉత్తరం నకలు తీసి మావయ్యకి పోస్టు చేశాను. ఆయన మాటలు నీకు ఇక్కడ రాశాను. నా మీద కోపం తెచ్చుకో. ముప్పై తొమ్మిదేళ్లు ఒకే తలుపుకి చెరోవైపు నిలబడి ఇద్దరూ నేరం నాదంటే నాదని ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

ఫారం మీద ఇంకా సంతకం పెట్టలేదు.

మాండీ. మాండీ. మాండీ. పాత బాకీలతో కలిపి.
ఇలేనియా


బ్రాయిదాస్
29 మే 2015

ఇలేనియా,

నీ మీద కోపం వచ్చింది. ఒక పూట ఉంది, పోయింది.

మంగళవారం ఫ్రీకో వేస్తున్నాను, పెనం మీద చీజ్ కరుగుతోంది. వాకిట్లో ఆ అడుగుల చప్పుడు వినిపించింది, ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ. టీతె లోపలికొచ్చి కొలత టేపు బల్లమీద పెట్టాడు. పక్కన నా ఉత్తరం నకలు పెట్టాడు. కుర్చీ లాక్కున్నాడు.

"అన్నం పెట్టు, తర్వాత తిట్టుకుందాం" అన్నాడు.

"నీకు తెలుసా, తాళం నేనే వేశానని?"

"వెయ్యకపోతే ఎవరు వేస్తారు? బంతి నీ తలకే కదా తగిలింది."

"మరి గొళ్లెం సంగతి నాకెందుకు చెప్పలేదురా వెధవా?"

"నువ్వు తాళం సంగతి చెప్పావా?"

 తర్వాత వాడే జేబులోంచి పెన్సిలు తీసి, నా ఉత్తరం వెనకే ఆ పాత గుమ్మం బొమ్మ గీశాడు. పైన రాతి దూలం, కింద ద్వారబంధం. "ఇటు చూడు అక్కా. ముప్పై ఏళ్లుగా గుమ్మాలు నిలబెడుతున్నాను. దూలం ఇలా జారి తలుపు నెత్తిన కూర్చుంది. తాళం తీసున్నా, గొళ్లెం లేకపోయినా, పది మంది వచ్చి తోసినా అది తెరుచుకోదు. నువ్వు వేసిన తాళమూ కాదు, నేను పెట్టిన గొళ్లెమూ కాదు" అన్నాడు.

"ఇంత తెలిసినవాడివి, మరి నువ్వెందుకురా ఏడ్చావు?" అన్నాను.

"తెలుసు. కానీ నువ్వు చెప్పేదాకా నాకు నమ్మకం కుదరలేదు" అన్నాడు.

"ఏం చెప్పాలి?"

"నీ తప్పు కాదురా టీతే అని."

చెప్పాను. వాడూ నాకు చెప్పాడు. ఇద్దరం ముక్కులు చీదుకున్నాం. ఫ్రీకో అడుగంటింది, అయినా మాడిందాన్నే గీరుకుని తిన్నాం. వాడికి చిన్నప్పట్నుంచీ ఆ మాడు ముక్కంటే ప్రాణం.

తినేశాక మేడమీదికెళ్లి గుమ్మం కొలుచుకున్నాడు. ద్వారబంధానికీ తలుపుకీ మధ్య వేలెడు సందు ఉంచుతాడట. ఆ సందు కనపడకుండా తలుపు అంచుకి మెత్తటి పట్టీ అంటిస్తాడట. మూస్తే మూసుకుంటుంది, భూమి ఊగినా బిగుసుకోదు. లోపల చిన్న గడియ, ఆరేళ్ల పిల్ల చేతికి అందే ఎత్తులో. ఆ గడియ తన చేత్తోనే చేస్తానన్నాడు. అది చెప్పేటప్పుడు వాడి మొహం ఏడేళ్ల పిల్లాడి మొహంలా ఉంది.

నేను దాన్ని భరించగలనో లేదో తెలియదు. మాట ఇవ్వను. ప్రయత్నిస్తానని మాత్రం రాస్తున్నాను. సంతకం నీ ఇష్టం.

మాండీ,
అమ్మ


తొరీనో
6 జూన్ 2015

అమ్మా,

ఫారం చింపేశాను. పదమూడో తారీకు శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాం. నేను ఆదివారం తిరిగొచ్చేస్తాను, దెలియా ఉంటుంది.

ఒక్క మాట. తలుపు మూయాలా తెరవాలా అన్నది నువ్వూ చెప్పకు, నేనూ చెప్పను. దాన్నే అడుగు. రోజుకోరకంగా చెబుతుంది, అయినా అడుగు. మావయ్య గడియకి రంగు వెయ్యొద్దను, తనే వేస్తానని పట్టుబట్టింది.

ఎర్ర తాడు ఈల ఎవరికైనా ఇచ్చేశావా? ఉంటే దానికివ్వు. కుందేళ్లని పిలవడానికి పనికొస్తుందంటోంది.

మాండీ,
ఇలేనియా


బ్రాయిదాస్
28 జూన్ 2015

ఇలేనియా తల్లీ,

పిల్ల బాగుంది. మొక్కజొన్న పిండి పొలెంతా రెండుసార్లు అడిగి తింటోంది. ఈల ఊదితే కుందేళ్లు రావడం లేదు, పక్కింటి కుక్క వస్తోంది. గడియకి సగం పచ్చరంగు, సగం వంగపండు రంగు వేసింది. టీతె రోజూ ఏదో వంకన వచ్చి దాన్ని చూసుకుపోతున్నాడు.

మొదటి రెండు వారాలూ బెత్తెడు తెరిచి ఉంచమంది. నాకు హాయిగానే ఉంది, ఒప్పుకుంటాను. ఇవాళ ఉదయం భోజనానికి ముందు మేడెక్కి వెళ్తూ, "అమ్మమ్మా, ఇవాళ మూస్తాను" అంది. మూసింది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

నేను మెట్ల మీద ఒక కాలు పైన, ఒకటి కింద పెట్టుకుని నిలబడిపోయాను. లోపల పాడుతోంది. పాడుతున్నంతసేపూ ఫర్వాలేదనుకున్నాను. ఆపేసింది. ఇలేనియా, నా ప్రాణం నా దగ్గర లేదు. ఎప్పుడు ఎక్కానో, చెయ్యి తలుపు పిడి మీద ఉంది. ఒక్క తోపు తోస్తే ఆ బుల్లి గడియ ఊడొస్తుంది, నాకు తెలుసు. నువ్వు బీరువా వెనక నక్కి గౌను మార్చుకోవడం కళ్లముందు కనిపించింది. పిడి వదిలేశాను. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. యాభై తొమ్మిది దాకా లెక్కపెట్టాను. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. అప్పుడు వేలి కణుపులతో రెండుసార్లు తట్టాను. నా ఇంట్లో తలుపు తట్టడం నా జన్మలో అదే మొదటిసారి.

"ఎవరూ?" అంది లోపల్నుంచి.

"నేనే, అమ్మమ్మని."

"ఒక్క నిమిషం అమ్మమ్మా, గౌను మార్చుకుంటున్నాను."

"తొందరేం లేదు, మార్చుకో" అని చెప్పి, మెట్టు మీద కూర్చుని ఎదురుచూశాను.

మాండీ,
అమ్మ